అద్దె ఇంట్లో ఉంటూ విజయనగరం కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటు వేయాలంటే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గరి పల్లెటూరి నుంచి మూడేళ్ల క్రితం విజయనగరం వచ్చారు, బాబామెట్టలో అద్దెకు ఉంటున్నారు. మీ దంపతుల ఓట్లు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. ఈసారి కార్పొరేటర్ ఎన్నికలో ఇక్కడే ఓటు వేయాలని మీ కోరిక. మునిసిపల్ కార్యాలయానికి వెళితే తహశీల్దారు కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడ బీఎల్వోను, అంటే పోలింగు కేంద్రం స్థాయిలో ఓటరు జాబితా చూసే అధికారిని, కలవమన్నారు, ఆ బీఎల్వో ఎవరో చెప్పినవారు లేరు. నెట్ సెంటర్ అబ్బాయి మాత్రం ‘ఫారం 6 నింపి కొత్త ఓటు తీసుకోండి, పాతది ఉంటే ఉండనివ్వండి’ అన్నాడు. ఇంటి యజమాని కరెంటు బిల్లు ఇవ్వనన్నారు. మీ అబ్బాయికి పద్దెనిమిది నిండాయి. ఓటు మారిస్తే పింఛను ఆగిపోతుందని మీ అత్తగారి భయం.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం కాలం ఎన్నికల విభాగంలో, ఓటరు జాబితాల మధ్యే గడిచింది. మీ చిక్కులు ఒక్కొక్కటే విప్పుదాం. ఒక్క సంగతి ముందే చెబుతాను: నెట్ సెంటర్ అబ్బాయి చెప్పిన పని మాత్రం చేయకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మిమ్మల్ని ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిప్పారని కోపంగా ఉన్నారు. నిజానికి వాళ్లు చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు. కార్పొరేషన్ ఎన్నికకు విడిగా ఓటరు నమోదు అంటూ లేదు. ఎమ్మెల్యే ఎన్నికకు వాడే శాసనసభ ఓటరు జాబితానే తీసుకుని, అందులో పట్టణ పరిధిలోకి వచ్చే పేర్లను డివిజన్ల (ఒక్కో కార్పొరేటర్‌ను ఎన్నుకునే వార్డుల) వారీగా విడగొడతారు. అసలు జాబితా కేంద్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటుంది. దాన్ని క్షేత్రస్థాయిలో చూసేది నియోజకవర్గ ఓటరు నమోదు అధికారి, ఆయన కింద సహాయకుడిగా తహశీల్దారు, ఆ కింద పోలింగు కేంద్రానికి ఒక బీఎల్వో. కార్పొరేషన్ ఎన్నిక నడిపేది మాత్రం రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండూ వేరు వేరు సంస్థలు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చినప్పుడు పట్టణ ఎన్నికల బాధ్యత ఈ రాష్ట్ర సంఘానికి వచ్చింది. పేర్లను డివిజన్ల వారీగా సర్దే పని మునిసిపల్ కమిషనర్ యంత్రాంగం చేస్తుంది.

కాబట్టి పేరు చేర్చాలన్నా, తీయాలన్నా, చిరునామా మార్చాలన్నా తహశీల్దారు వైపు వెళ్లాలి. ఉన్న పేరు తప్పు డివిజన్‌లో పడితే మునిసిపల్ కార్యాలయం వైపు వెళ్లాలి. ఈ తేడా తెలియక ఎన్నికల సమయంలో జనం రెండు కార్యాలయాల మధ్య చెప్పులు అరగదీసుకుంటారు. కౌంటరు వెనక కూర్చున్నవాళ్లకు తెలుసు, కానీ వివరించే ఓపిక ఉండదు. నాకూ కొన్ని రోజుల్లో ఉండేది కాదు, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు ఫారాల సంగతి. ఫారం 6 జీవితంలో మొదటిసారి ఓటరుగా నమోదయ్యేవారికి. మీకు ఇప్పటికే నరసన్నపేట నియోజకవర్గంలో ఓటు ఉంది కాబట్టి మీకు కావలసింది ఫారం 8. ఇల్లు మారినా, పేరులో అక్షరదోషం ఉన్నా, కార్డు పోయినా ఇప్పుడు అదే ఫారం. ఒకప్పుడు నియోజకవర్గం మారితే ఫారం 6 నింపాల్సి వచ్చేది. 2022లో ఆ పద్ధతి మార్చారు. నెట్ సెంటర్లలో చాలామందికి ఇంకా పాత అలవాటు పోలేదు. ఫారం 8లో ‘నివాసం మార్పు’ ఎంచుకుని, నియోజకవర్గం వెలుపలి నుంచి వస్తున్నట్టు చెప్పాలి. మీరు నరసన్నపేట, అంటే 8వ నియోజకవర్గం, నుంచి విజయనగరం, అంటే 18వ నియోజకవర్గానికి వస్తున్నారు. కార్డు మీది మూడు అక్షరాలు, ఏడు అంకెల గుర్తింపు సంఖ్య అలాగే ఉంటుంది. ఇక్కడ ఆమోదం పొందగానే అక్కడి పేరు తొలగించే ఏర్పాటు అందులోనే ఉంది.

కొత్తగా ఫారం 6 పెడితే ఏమవుతుంది? ‘నాకు మరెక్కడా ఓటు లేదు’ అని మీరు సంతకం పెట్టినట్టు అవుతుంది. అది అబద్ధం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం తప్పుడు ప్రకటనకు ఏడాది దాకా జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కేసు దాకా వెళ్లడం అరుదే. కానీ రెండు చోట్ల ఒకే ఫొటో, ఒకే తండ్రి పేరు కనబడితే కంప్యూటర్ పట్టుకుంటుంది. అప్పుడు విచారణ అంటూ ఎవరో ఒకరు వచ్చి రెండింట్లో ఒకటి కొట్టేస్తారు. ఏది కొట్టేస్తారో మీ చేతిలో ఉండదు. సరిగ్గా ఎన్నికల ముందు ఇక్కడి పేరు ఎగిరిపోయి అక్కడిది మిగిలిన కుటుంబాలను చూశాను.

మీరు అడగలేదు గాని, మీ మనసులో ఉండే ప్రశ్న ఒకటి ఉంటుంది. ఊళ్లో సర్పంచి ఎన్నిక వేరు, ఇక్కడ కార్పొరేటర్ ఎన్నిక వేరు, తేదీలు కూడా వేరు, మరి రెండు చోట్లా ఓటు ఉంటే నష్టం ఏమిటి? 2021లో పంచాయతీ ఎన్నికలు ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగాయి, పట్టణ ఎన్నికలు మార్చి 10న జరిగాయి. ఆ నెల రోజుల తేడాలో ఊళ్లో ఒకసారి, పట్టణంలో ఒకసారి ఓటు వేసి గొప్పగా చెప్పుకున్నవాళ్లు నాకు తెలుసు. చట్టం మాత్రం ఒక మనిషి పేరు ఒకే జాబితాలో, అందులోనూ ఒకేచోట ఉండాలంటుంది. సిరిమాను సంబరానికి ఏ ఊరి నుంచైనా వచ్చి చూసి వెళ్లవచ్చు. ఓటుకు అలా కుదరదు, ఎక్కడ కాపురం ఉంటే అక్కడే. ఊళ్లో ఇల్లు, పొలం మీ పేరున ఉన్నాయి కాబట్టి అక్కడే ఓటు ఉండాలని కూడా లేదు. ఆస్తి ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. మీరు మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే లెక్క.

ఇంటి యజమాని కరెంటు బిల్లు విషయానికి వద్దాం. ఆయన మీద కోపం పెట్టుకోకండి. అద్దెకున్నవాళ్ల పేరు ఓటరు జాబితాలో తన ఇంటి నంబరుకు ఎక్కితే రేపు ఇల్లు ఖాళీ చేయరేమో, కోర్టులో అదే సాక్ష్యం అవుతుందేమో అని మన వైపు చాలామంది యజమానులకు భయం. ఇంటి పన్ను పెంచుతారేమో అన్న అనుమానం ఇంకొకటి. ఓటరు జాబితాలో పేరు ఉంటే ఇంటి మీద ఏ హక్కూ రాదని ఆయనకు నెమ్మదిగా చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఆయన బిల్లు లేకుండానే పని అవుతుంది. చిరునామా రుజువుగా గ్యాస్ బిల్లు, బ్యాంకు లేక పోస్టాఫీసు పాస్‌బుక్కు, ఆధార్, పాస్‌పోర్టు, రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం, వీటిలో ఏదైనా చెల్లుతుంది. మీ ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామా ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి, లేదా బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్కులో ఇక్కడి చిరునామా రాయించుకోండి. నా అనుభవంలో రెండోదే త్వరగా తేలే పని. ఏ కాగితమూ లేకపోయినా దరఖాస్తు తీసుకోవాల్సిందే. అప్పుడు బీఎల్వో ఇంటికి వచ్చి, మీరు ఉంటున్నారో లేదో ఇరుగుపొరుగును అడిగి రాసుకుంటారు.

ఇక్కడే ఒక అపోహ కూడా తీర్చాలి. ఆధార్‌లో చిరునామా మారితే ఓటు దానంతట అదే మారిపోతుందని చాలామంది అనుకుంటారు. మారదు. రేషన్ కార్డు మార్చినా, గ్యాస్ కనెక్షన్ మార్చినా ఓటు మాత్రం మీరు ఫారం 8 పెట్టేదాకా ఊళ్లోనే కూర్చుని ఉంటుంది.

మీ ప్రాంతపు బీఎల్వో ఎవరో కనుక్కోవడానికి చిన్న ఉపాయం ఉంది. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గాని, ఎన్నికల సంఘం యాప్‌లో గాని మీ కార్డు సంఖ్య కొడితే ఊళ్లోని బీఎల్వో పేరు వస్తుంది, అది మీకు పనికిరాదు. పక్కింటివారి ఓటరు కార్డు సంఖ్య అడిగి తీసుకుని అది కొట్టండి. వాళ్ల పోలింగు కేంద్రం, భాగం సంఖ్య, దాని బీఎల్వో వివరాలు వస్తాయి. మీరు చేరబోయేదీ దాదాపు అందులోనే. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలయ్యాక మన రాష్ట్రంలో బీఎల్వోలలో చాలామంది సచివాలయ సిబ్బందే, కొన్నిచోట్ల అంగన్‌వాడీ కార్యకర్తలు. కాబట్టి మీ వీధి సచివాలయంలో అడిగినా చెబుతారు. 1950 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

దరఖాస్తు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, కాగితం మీద నింపి బీఎల్వోకు ఇవ్వవచ్చు. ఏది చేసినా రిఫరెన్సు సంఖ్య తీసుకోండి. ఇంటి నంబరు రాసేటప్పుడు మాత్రం బద్ధకించకండి. గుమ్మం పక్కన పలక మీద ఏ నంబరు ఉందో, గీతలతో సహా అదే రాయండి. మనవాళ్లు ‘ఫలానా డాక్టరు గారి వెనక సందు’ అని రాస్తారు. పోస్టుమాన్‌కు అది చాలు. డివిజన్ గీత గీసే గుమాస్తాకు చాలదు. దీని సంగతి ఇంకాస్త కింద చెబుతాను, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే.

దరఖాస్తు పెట్టాక బీఎల్వో పరిశీలన ఉంటుంది. అభ్యంతరాల కోసం వచ్చిన దరఖాస్తుల జాబితాను ఏడు రోజులు ప్రదర్శిస్తారు. ఆ తర్వాతే నమోదు అధికారి నిర్ణయం తీసుకుంటారు. బీఎల్వో వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే ‘ఈ చిరునామాలో లేరు’ అని రాసేసుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి పక్కింటి వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. మీ ఫోను నంబరు వాళ్ల దగ్గర ఉంటే ఇంకా మంచిది. ఒకవేళ తిరస్కరిస్తే పదిహేను రోజుల్లోగా జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే ముప్ఫై రోజుల్లోగా రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి వెళ్లవచ్చు. కానీ ఎన్నిక దగ్గర పడ్డాక అప్పీలు గెలిచినా ఆ ఎన్నికకు అందదు.

అందుకే, నోటిఫికేషన్ వచ్చాక చూద్దాం అనుకోవద్దు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. స్థానిక ఎన్నికల్లో ఏ తేదీ నాటి జాబితాను వాడతారన్నది సామాన్యులకు ఆఖరి నిమిషం దాకా తెలియదు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలనే చూడండి. కొత్త జాబితా సిద్ధంగా లేదని 2019 నాటి జాబితాతోనే జరిపారు. కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండిన 3.6 లక్షల మంది అవకాశం కోల్పోతున్నారని హైకోర్టు దాకా వెళ్లారు. ఎన్నికలు మాత్రం ఆ పాత జాబితాతోనే జరిగిపోయాయి. మీ అబ్బాయి లాంటి పిల్లలే అందులో నష్టపోయారు.

ఆ అబ్బాయి సంగతి సులువు. అతనికి ఫారం 6. వయసుకు పదో తరగతి సర్టిఫికెట్టు గాని, జనన ధ్రువపత్రం గాని చాలు. ఒకప్పుడు జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండితేనే అనేవారు. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి. పదిహేడు నిండినప్పుడే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా ఉంది. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడని రాశారు. హాస్టల్ చిరునామాతోనైనా నమోదు కావచ్చు, ఇంటి చిరునామాతోనైనా కావచ్చు. మీరంతా ఒకే పోలింగు కేంద్రంలో ఉండాలంటే ఇంటి చిరునామా ఇచ్చి, ఫారంలో కుటుంబసభ్యుల వివరాల దగ్గర మీ ఓటరు కార్డు సంఖ్య రాయమనండి. మీ ఫారం 8 ఆమోదం పొందాక అతనిది పెడితే తికమక ఉండదు, ఎన్నిక మరీ దగ్గర పడితే మాత్రం ఆగకుండా రెండూ కలిపే పెట్టేయండి.

అత్తగారికి చెప్పండి, ఓటరు జాబితాకూ పింఛనుకూ సంబంధం లేదు. పింఛనుకు అర్హతలు వేరు, దాని జాబితా వేరు. అయితే ఆవిడ నిజంగా మీ దగ్గరే ఉంటున్నారా, లేక పండక్కి వచ్చి రెండు నెలలు ఉండి వెళ్తారా? ఏడాదిలో ఎక్కువ కాలం ఊళ్లోనే ఉంటే ఆవిడ ఓటు అక్కడే ఉండనివ్వండి. ఊరి సర్పంచి ఎవరన్నది డెబ్బై ఏళ్ల మనిషికి ఇక్కడి కార్పొరేటర్ ఎవరన్నదానికంటే ముఖ్యం కావచ్చు. ఆవిడను అడిగి చేయండి, మీరే నిర్ణయించకండి.

ఇప్పుడు నేను ముందే వాయిదా వేసిన విషయం. ఇల్లు అలకగానే పండగ కాదు. మీ దరఖాస్తు ఆమోదం పొంది, వెబ్‌సైటులో మీ పేరు విజయనగరం కింద కనిపించినంత మాత్రాన కార్పొరేషన్ ఎన్నికలో ఓటు ఖాయం కాదు. విజయనగరం 1888లో మునిసిపాలిటీ అయింది. 2015 డిసెంబరులో కార్పొరేషన్‌గా మారింది. ఇప్పుడు 50 డివిజన్లు. శాసనసభ జాబితాలోని ఒక్కో భాగం ఒక్కో పోలింగు కేంద్రానికి సరిపోయేలా ఉంటుంది. డివిజన్ హద్దులు దానికి సంబంధం లేకుండా రోడ్లు, కాలువలు, సందులను పట్టుకుని పోతాయి. కాబట్టి ఒకే భాగంలోని ఓటర్లు రెండు డివిజన్లలోకి చీలిపోతారు. వీధికి ఎడమవైపు ఒక డివిజన్, కుడివైపు ఇంకొకటి కావచ్చు. ఆ చీల్చే పనికి ఆధారం జాబితాలో రాసిన ఇంటి నంబరే. పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి, కొందరికి నంబరే లేదు, కొందరికి సున్నా. గుమాస్తా తలపట్టుకుని ఏదో ఒక వైపు పడేస్తాడు.

ఒక పట్టణంలో నేనే చూశాను, పేరు చెప్పను. ఒక సందులోని నలభై ఇళ్లు అవతలి వార్డులోకి వెళ్లిపోయాయి. ముసాయిదా జాబితా నోటీసు బోర్డు మీద పెట్టినప్పుడు ఆ సందు నుంచి ఒక్కరూ వచ్చి చూడలేదు. పోలింగు రోజు ఎప్పుడూ ఓటు వేసే బడికి వెళ్లి, పేరు లేదని గొడవ పడ్డారు. అవతలి బడిలో పేర్లు ఉన్నాయని తెలిసేసరికి మధ్యాహ్నం దాటింది. సగం మంది ఎండకు తాళలేక ఇంటికి వెళ్లిపోయారు. కోపం అందరికీ నా మీదే వచ్చింది, నేను అక్కడ కనబడ్డాను కాబట్టి. తప్పు చేసిన కాగితం మాత్రం రెండు వారాల ముందే అందరికీ కనబడేలా వేలాడింది.

అందుకని డివిజన్ల వారీ ముసాయిదా జాబితా వచ్చిన రోజునే వెళ్లి చూడండి. కార్పొరేషన్ కార్యాలయంలో, వార్డు సచివాలయాల్లో ప్రదర్శిస్తారు. మీ పేరు ఉందా, మీ వీధివాళ్లందరి పేర్లూ ఒకే డివిజన్‌లో ఉన్నాయా చూడండి. వేరే డివిజన్‌లో పడితే అభ్యంతరం రాసి మునిసిపల్ కమిషనర్ పేరున ఇవ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. అసలు పేరే లేకపోతే మళ్లీ తహశీల్దారు వైపు, ఫారం 6 గాని 8 గాని. ఒక్క మీ పేరే కాకుండా వీధి మొత్తం గురించి నలుగురు సంతకాలు పెట్టి ఇస్తే పని త్వరగా కదులుతుంది. ఇది చట్టంలో లేదు, అనుభవంలో ఉంది.

ఇంకొక మెలిక కూడా ఉంది. విజయనగరం శాసనసభ నియోజకవర్గం అంతా కార్పొరేషన్ కాదు. చుట్టూ మండలంలోని పల్లెలు కూడా ఆ నియోజకవర్గంలోనే ఉన్నాయి, అక్కడివాళ్లు ఎమ్మెల్యేకు ఓటు వేస్తారు, కార్పొరేటర్‌కు వేయరు, సర్పంచికి వేస్తారు. గుంకలాంలో పట్టణ పేదలకు వేల సంఖ్యలో ఇళ్ల స్థలాలు ఇచ్చారు కదా. పట్టణంలో అద్దెకున్న కుటుంబాలు అక్కడ ఇల్లు కట్టుకుని వెళితే నియోజకవర్గం మారదు, కానీ ఊరు మారుతుంది. ఓటు అక్కడికి మార్చుకుంటే ఆ గ్రామ పంచాయతీ ఓటరు అవుతారు. మార్చుకోకపోతే ఉంటున్నది ఒక చోట, ఓటు ఇంకో చోట. రేపు మీరు కూడా శివార్లలో ఇల్లు కొంటే, అది కార్పొరేషన్ హద్దు లోపలా బయటా అన్నది అపార్టుమెంటు ప్రకటన చూసి నమ్మకండి. ఇంటి పన్ను ఎవరికి కడుతున్నారో చూడండి.

ఇదే ప్రశ్న శ్రీకాకుళం నుంచి ఎవరైనా అడిగితే నా దగ్గర ఇంత ఉత్సాహంగా జవాబు ఉండేది కాదు. 1856 నాటి పాత మునిసిపాలిటీ అది. చివరి పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2014లో రాష్ట్రమంతటా పట్టణ ఎన్నికలు జరిగాయి, అక్కడ జరగలేదు. 2015లో కార్పొరేషన్ అయింది. 2021లో విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, నెల్లిమర్ల, పలాస, ఇచ్ఛాపురం, పాలకొండ ఓటు వేశాయి, శ్రీకాకుళం మళ్లీ వేయలేదు. చుట్టుపక్కల పంచాయతీల విలీనం, దాని మీద వివాదాలు, కోర్టులు. పాలకవర్గానికి అయిదేళ్ల గడువు అని రాజ్యాంగం రాసిపెట్టింది గాని, అధికారుల పాలన ఏళ్ల తరబడి సాగితే వీధి దీపం వెలగకపోతే ఎవరిని అడగాలో తెలియని తరం ఒకటి తయారైంది. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు మొన్న నన్ను అడిగాడు, కౌన్సిలర్ అంటే ఎవరు అని. నవ్వు రాలేదు.

మన దగ్గరికి వస్తే, 50 డివిజన్లంటే ఒక్కో దానిలో ఓటర్లు కొన్ని వేల మందే. మీరు వేసే ఓటు కార్పొరేటర్‌కు మాత్రమే. మేయరును కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యే, ఎంపీ లాంటి పదవి వల్ల సభ్యులైనవారు) కలిసి ఎన్నుకుంటారు. 2021లో అలాగే మార్చి 18న ఎన్నుకున్నారు. మేయరు పేరు చెప్పి ఓటడిగేవారు వస్తారు, మీరు చూడవలసింది మీ కాలువ పూడిక తీయించగలవాడెవడన్నదే.

పోలింగు రోజు గురించి ఎక్కువ చెప్పను, చాలా వరకు మీకు తెలిసిందే. మూడు సంగతులు మాత్రం. ఎమ్మెల్యే ఎన్నికకు వెళ్లిన బడికే వెళ్లకండి, కార్పొరేషన్ ఎన్నికకు పోలింగు కేంద్రం, వరుస సంఖ్య రెండూ వేరు కావచ్చు. చీటీలో ఉన్నది చూసుకుని వెళ్లండి. చీటీ ఒక్కటే గుర్తింపు కాదు, ఓటరు కార్డు గాని, అనుమతించిన ఇంకో ఫొటో గుర్తింపు గాని వెంట ఉండాలి. 2021లో పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు వరకు సమయం ఇచ్చారు. ముగింపు సమయానికి వరుసలో ఉంటే చాలు, మీకు ఓటు వేసే హక్కు ఉంటుంది, ఎవరైనా పొమ్మంటే కదలకండి.

రెండోది, 2014లో యంత్రాల మీద జరిగిన పట్టణ ఎన్నిక 2021లో కాగితం బ్యాలెట్ మీద జరిగింది. మీ అత్తగారికి కాగితం అలవాటే, అబ్బాయికి కాదు. కాగితమే అయితే ఇచ్చిన ముద్రతోనే గుర్తు మీద వేయాలి, బొటనవేలి ముద్ర గాని, పేరు గాని, సంతకం గాని పెడితే ఆ ఓటు చెల్లదు. నేను ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నప్పుడు ఒక పెద్దాయన సంతకం కూడా పెట్టి, ‘ఎవరు వేశారో తెలియాలి కదా’ అన్నాడు. ఆయన నిజాయితీకి దండం పెట్టాను గాని, ఓటు మాత్రం పోయింది.

మూడోది, మీరు వెళ్లేసరికి మీ పేరున ఎవరో ఓటు వేసేసి ఉంటే ఏడుస్తూ వెనక్కి రాకండి. ప్రిసైడింగ్ అధికారి దగ్గరికి వెళ్లి టెండర్ ఓటు అడగండి. మీరే ఆ మనిషి అని రుజువైతే మీకు వేరే బ్యాలెట్ ఇచ్చి, దాన్ని విడిగా కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో అది కలవదన్న మాట నిజమే. కానీ నాలుగైదు ఓట్ల తేడాతో తేలే డివిజన్‌లో వ్యవహారం కోర్టుకు వెళితే ఆ కవరే మాట్లాడుతుంది.

ఒక చిన్న పని మిగిలింది. మీ అత్తగారి కార్డు చాలా పాతదని రాశారు. దాని మీద సంఖ్య ‘ఏపీ’ అని మొదలై మధ్యలో ఏటవాలు గీతలతో పొడవుగా ఉంటే అది పాత పద్ధతి సంఖ్య, ఆన్‌లైన్‌లో దానితో వెతికితే దొరకకపోవచ్చు. పేరు, వయసు, నియోజకవర్గంతో వెతకండి, కొత్త సంఖ్య కనబడుతుంది. ఆవిడ ఓటు ఊళ్లోనే ఉంచినా సరే, కొత్త కార్డు కోసం అదే ఫారం 8 పెట్టేయండి. అప్పటికి ఇంట్లో మూడు నాలుగు రిఫరెన్సు సంఖ్యలు పోగవుతాయి. ఫోనులో మెసేజీ ఉందిలే అని ఊరుకోకుండా ఒక కాగితం మీద రాసి బియ్యం డబ్బా మూత లోపల అంటించండి. మా ఇంట్లో అక్కడే ఉంటాయి.